కరక్కాయ గుణం ఎరిగినవారికి లెక్కేదీ?

పోలవరం: దగ్గు వస్తే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవాలని గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ వగరులోనే చెబులాజిక్ ఆమ్లం ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దానిని కరక్కాయ నుంచి వేరుచేసి, శరీరంలో వాపును పెంచే కాక్స్, లాక్స్ అనే రెండు ఎంజైములను అది అడ్డుకుంటుందని 2009లో ప్రకటించారు. ఇనుముకు తుప్పు పట్టినట్లు కణాలను పాడుచేసే ఆక్సీకరణను కూడా ఈ కాయలోని పదార్థాలు నిరోధిస్తాయి. ఇదంతా ప్రయోగశాలలో తేలిన మాట. దీన్ని నమ్మి డాక్టరు మాత్రలు మానేస్తే ప్రమాదం.

ఏ కాయ ఎప్పుడు కోయాలో, దేనికి వాడాలో బాగా ఎరిగినవారు పాపికొండల కొండరెడ్లు, కోయలు. ప్రాజెక్టు ముంపు వల్ల వారిలో చాలామంది పునరావాస కాలనీలకు చేరారు. ఇంటికి, పొలానికి లెక్క కట్టారు (చాలీచాలని లెక్కే అనుకోండి). ఈ ఎరుకకు మాత్రం ఏ లెక్కా లేదు.

కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో మందు తయారైనప్పుడు లైసెన్సు సొమ్ములో సగం వారి ట్రస్టుకు ఇచ్చారు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఇక్కడి పంచాయతీల్లోనూ ప్రజల ఎరుకను రిజిస్టరులో రాయాలి. అధికారులు ముందుగా కాలనీల్లోని పెద్దలను కూర్చోబెట్టి, వారి పేర్లతోనే రాయించాలి. అడవికి వెళ్లి చెట్టును చూపగలవారు ఇంకా నడవగలిగిన రోజుల్లోనే ఆ పని జరగాలి.