ఒక్క అణా ఋణము
ఆకలిగొన్న బిడ్డకు అక్షరము రుచింపదని గ్రహించి, 1920లో పిట్టి త్యాగరాయ శెట్టిగారి అధ్యక్షతన మద్రాసు కార్పొరేషను, థౌజండ్ లైట్స్ పాఠశాలలో ఒక్కొక్క విద్యార్థికి దినమునకు అణాకు మించని వ్యయముతో మధ్యాహ్న ఫలహారము పెట్టనారంభించినప్పుడు, బడి యనగా నగరమంతయు పూచీపడిన గృహమని లోకమునకు చాటినది. పలక ప్రక్కనుంచుకొని, బాసింపట్టు వేసికొని, పొగలు గ్రక్కు పళ్లెమునకై ఎదురుచూచు కూలివాని బిడ్డయే ఆ గృహమునకు ప్రథమాతిథి. కాలక్రమమున కలిగినవారు ఇంగ్లీషు మోజున ప్రైవేటు బడులకు తరలగా, అధికారులను నిలదీయగల గొంతులును వారివెంట తరలిపోయినవి. అడుగువారు లేని బడికి సున్నము వేయు నాథుడెవ్వడు? బడి చెడినది కనుక విడిచితిమందురు గాని, మనము విడిచిన పిదపనే అది చెడినదని నా దృఢవిశ్వాసము. కౌన్సిలరు బిడ్డయు, కూలివాని బిడ్డయు ఒకే బల్లపై కూర్చున్ననాడే ఆ అణా ఋణము తీరును.