ముందు బట్ట, తర్వాత రూల్

యూనిఫాంకు మనం వ్యతిరేకం కాదు. షావుకారి కొడుకు, పోడు రైతు బిడ్డ ఒక్క తీరు బట్టల్లో కూర్చుంటే మంచిదే. కానీ సమగ్ర శిక్ష కింద 8వ తరగతి దాకా ఇచ్చేది ఏడాదికి రెండు జతలు, దానికి 600 రూపాయలు. కొత్తగూడెం ఏజెన్సీ వానల్లో ఒక జత ఆరదు, ఇంకోటి చినుగుతది. ఆ రోజు రంగు బట్టలతో వచ్చిన పిల్లను బయట నిలబెడితే అది క్రమశిక్షణ ఎట్లైతది? విద్యా హక్కు చట్టం–2009, సెక్షన్ 17 మానసిక వేధింపును నిషేధించింది. ఇది అదే.

2019లో హైదరాబాద్ సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీ కుర్తీ మోకాలు దాటాలన్నది. అమ్మాయిలంతా కలిసి నిరసన చేసిన్రు, రూల్ వెనక్కి పోయింది. మన ఏడో తరగతి చెల్లె ఒక్కతే నిలబడి అడగగలదా? అడగాల్సింది మనమే. మీ ఊరి బడికి పోండి. బట్టలు ఎప్పుడొచ్చినయో, ఎన్ని జతలో రాసుకోండి. భద్రాచలం ఐటీడీఏ పీవో ముందు పెట్టండి.

జై ఆదివాసీ!