“బాగుంది మేడమ్” అంటే సరిపోదు

మన వార్డుల్లో ఎవరినైనా “నా పని ఎలా ఉంది?” అని అడిగి చూడండి. “బాగుంది మేడమ్” అంటారు. అడిగింది సూపరింటెండెంటు అయితే ఇంకా త్వరగా అంటారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. దానివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు. తప్పు వారిది కాదు, నేను అడిగిన తీరుది.

ఆ మధ్య స్టాఫ్ తక్కువైన ఒక రోజు సర్జికల్ వార్డులో డ్రెస్సింగులు నేనే చేయాల్సి వచ్చింది. తోడు వచ్చిన జూనియర్ స్టాఫ్ నర్సుతో, “అమ్మా, ఈ రోజు నా చేతులు మాత్రమే చూడు. ఎక్కడ శుభ్రం చేసుకోలేదో కాగితం మీద గీత పెట్టు” అన్నాను. ఆ అమ్మాయి భయపడింది. (నా గొంతు అలాంటిది మరి.) చివరికి కాగితం ఇచ్చింది. ఆరుగురు రోగులకు నాలుగు గీతలు! చేతులు శుభ్రం చేసుకున్నాక కర్టెన్ లాగి, కళ్లజోడు పైకి తోసుకుని, మళ్లీ శుభ్రం చేసుకోకుండానే గ్లౌజులు తొడిగానట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లోని ఐదు సందర్భాలను విద్యార్థినులకు పాఠం చెప్పేది నేనే. డ్రెస్సింగు లాంటి పనికి సరిగ్గా ముందు చేతులు శుభ్రం చేసుకోవాలన్నది వాటిలో రెండోది. ఆ నలుగురివీ ఆపరేషన్ గాయాలు.

“కర్టెన్ లాగడానికి ఎవరూ లేరు కదా” అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అని ఉంటే ఆ అమ్మాయి ఇంకెప్పుడూ నాకు నిజం చెప్పేది కాదు. మర్నాడు ఆయమ్మ ముందుగానే కర్టెన్లు లాగింది, నేను కళ్లజోడుకు తాడు కట్టుకున్నాను. మళ్లీ చూడమన్నాను. ఈసారి ఒకటే గీత.

జూనియర్లను అడిగితే గౌరవం పోతుందని కొందరు ఇన్‌చార్జి సిస్టర్లు అంటారు. నేను ఒప్పుకోను. మన పక్కన నిలబడి ట్రే పట్టుకునేది వాళ్లే, చూసేదీ వాళ్లే. ఏడాదికోసారి రాసే రిపోర్టులో ఇలాంటివి ఎలాగూ రావు. అయితే రోగి ముందు మాత్రం అడగవద్దు. డ్యూటీ రూములో అడగండి, అదే రోజు అడగండి, ఒక్క పని గురించే అడగండి.

ఈ నెల నైట్ డ్యూటీ సిస్టర్లను, నేను రాసే హ్యాండోవర్ నోట్సులో అర్థం కానిది ఏమిటని అడుగుతున్నాను. ఇప్పటికే ఇద్దరు చెప్పారు, నా చేతిరాత అని.