ఏటిని కాదు, చేపను అడగాలి

చురుకైన పిల్లవాణ్ణి చూస్తే మనం "అబ్బ, పాదరసంలాంటి కుర్రాడండీ!" అంటాం. తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికేవాణ్ణి గనుక నాకు యీ మాటంటే ముచ్చటే. పాదరసం ఒకచోట నిలవదు, పట్టుకుంటే చిక్కదు, మెరుస్తూ పరుగెడుతుంది. కాని అదే పాదరసం, తల్లి తిన్న చేప ద్వారా కడుపులోని బిడ్డకు చేరిందనుకోండి. ఆ బిడ్డకు మాట ఆలస్యమవుతుంది, నడక తడబడుతుంది, చదువు తలకెక్కదు. మాటల్లో చురుకుదనానికి గుర్తయిన వస్తువు, మెదడులో చేరితే ఆ చురుకుదనాన్నే హరిస్తుందన్నమాట.

"బోరబండలో కూర్చుని సముద్రపు చేపల గొడవ నీకెందుకయ్యా?" అంటారేమో. మా వైపు కురిసిన వాననీరు కూకట్‌పల్లి నాలాలో పడుతుంది. నాలా హుస్సేన్‌సాగరుకు, అక్కణ్ణించి మూసీకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణకు, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రానికి! ఆ సముద్రపు చేప మంచుపెట్టెలో ఎక్కి మళ్ళీ మన బజారుకే వస్తుంది. ఇక దూరమెక్కడ?

ఏరు సముద్రంలో కలిసేచోటును మన కోస్తావాళ్ళు "మొగ" అంటారు. పోటు ఉప్పునీటిని లోపలికి తోస్తుంది, ఆటు వెనక్కి లాగుతుంది. యీ తోపులాటలో ఏరు మోసుకొచ్చిన సన్నని ఒండ్రు అక్కడే అడుగుకు దిగుతుంది. రొయ్యపిల్లలకూ చేపపిల్లలకూ మొగే పుట్టిల్లు. ఒండ్రును అంటుకుని వచ్చిన విషానికి కూడా అదే విడిది.

మన సరిహద్దు దాటగానే వచ్చే గంజాం జిల్లా సంగతే చూడండి. 1936లో ఒడిశా ఏర్పడేవరకు అది మద్రాసు రాజధానిలోనిదే. ఆ తీరపు జాలరుల యిళ్ళలో యిప్పటికీ చాలాచోట్ల తెలుగే వినిపిస్తుంది. అక్కడ ఋషికుల్యా నది మొగ దగ్గర, జయశ్రీ కెమికల్స్ వారి కాస్టిక్ సోడా కర్మాగారం పాదరసం పద్ధతిలో నడిచింది. ఉప్పునీటిలోకి విద్యుత్తు పంపితే క్లోరిన్ ఒకవైపు, సోడియం ఒకవైపు విడిపోతాయి. ఆ సోడియాన్ని పట్టి వుంచేది పాదరసం. సబ్బుకూ కాగితానికీ కావలసిన సోడా అలా తయారవుతుంది. పాదరసం తిరిగి తొట్టిలోకే రావాలి గాని, కొంచెం కొంచెంగా మడ్డిలోకీ మురుగునీటిలోకీ జారిపోతుంది.

బరంపురం విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆ మొగలోని బురదను పరీక్షించి 1990లో ఫలితాలు ప్రచురించారు. వారికి సాయపడినవాటిలో మన వంటింటి ఉల్లిపాయ ఒకటి! ఉల్లివేళ్ళకు ఆ బురద తగలనిచ్చి, వేళ్ళలోని కణాలు యెంత చెడ్డాయో సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టారు. బురదలో పాదరసం యెంత వుందన్నది ఒక ప్రశ్న. అది ప్రాణం వున్నదాన్ని ఏం చేస్తుందన్నది రెండో ప్రశ్న. రెండోదే మనకు కావలసినది.

ఏటినీళ్ళు సీసాలో పట్టి పరీక్షిస్తే చాలదా? చాలదు. నీటిలో కనబడేది అతి స్వల్పం. అడుగున గాలి ఆడని బురదలో వుండే సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది నాచుకణంలో చేరుతుంది. అలాంటి కణాలను వేలకొద్దీ చిన్న పురుగు తింటుంది. పురుగులను మెత్తళ్ళు, మెత్తళ్ళను పెద్ద చేప తింటాయి. ఒంట్లో చేరేది ఎక్కువ, పోయేది తక్కువ. చక్రవడ్డీ బాకీలా మెట్టుమెట్టుకూ పెరిగి, పైమెట్టున వున్న చేప దగ్గరకు వచ్చేసరికి నీటిలోవున్న దానికి పదిలక్షల రెట్లు దాకా వుండవచ్చు. అందుకే నీటి పరీక్షలో "అంతా క్షేమం" అని వచ్చినచోట కూడా చేప వేరే సంగతి చెప్పగలదు.

జపానులోని మినమాటాలో ముందుగా చెప్పినవి పిల్లులు. చేపలు తిన్న పిల్లులు తూలుతూ, గిరగిర తిరుగుతూ చచ్చాయి. 1956 మే 1న మనుషుల జబ్బు అధికారికంగా నమోదైంది. చిస్సో కంపెనీ సొంత ఆస్పత్రి వైద్యుడు హొసోకావా, 1959లో కర్మాగారపు మురుగును తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టారు. దానికి అదే జబ్బు వచ్చింది! కంపెనీ ఆ సంగతి దాచిపెట్టింది. మురుగు 1968 దాకా సముద్రంలోకి పోతూనే వుంది. పరీక్ష జరగక కాదండీ, ఫలితం బయట పెట్టక అన్ని కాపురాలు కూలిపోయాయి.

మన దేశంలో సోడా కర్మాగారాలు పాదరసపు తొట్లు మానుకోవాలని 2003లో కేంద్ర ప్రభుత్వం పరిశ్రమలతో ఒప్పందం చేసుకుంది. మినమాటా పేరిట 2013లో కుదిరిన ప్రపంచ ఒడంబడికను భారతదేశం 2018లో ఆమోదించింది. సంతోషమే. కాని తొట్టి మారినంత మాత్రాన బురద మారదు. మినమాటా అఖాతానికి 1974లో అడ్డంకట్టిన వలను 1997లోగాని తీయలేదు.

కాబట్టి కాపలా అంటే ఏడాదికోసారి సీసాడు నీళ్ళు కాదు. ఒకే జాతి చేపను, ఒకే సైజుది, ఒకే ఋతువులో యేటేటా పట్టి కండను పరీక్షించాలి. అడుగు బురదను, ఆల్చిప్పలను చూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, తినేవాళ్ళ వెంట్రుకలను చూడాలి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తల్లి జడలో ఒక జానెడు, ఆమె గర్భవతిగా వున్న నెలల చిట్టా మొత్తం చెబుతుంది. తీరజలాల కాలుష్యం కనిపెట్టే పథకాన్ని కేంద్రం 1991లో మొదలుపెట్టింది. దాని లెక్కలు జాలరిపేట రచ్చబండ మీద, అక్కడివాళ్ళ భాషలో పలకాలని నా కోరిక. మనం ఆదివారం ఒకపూట తింటాం. అమ్ముడుపోని చేప రోజూ రెండుపూటలా తినేది జాలరి ఇల్లాలే గదా!

ఇదంతా చదివి చేపలు మానకండి సుమా! చేప మంచి ఆహారం. కవళ్ళు, మెత్తళ్ళు, నాచూ పురుగులూ తినే పులస, చెరువుల రవ్వ, బొచ్చె కింది మెట్టువి. వాటిలో బాకీ తక్కువ. సొర మాత్రం పైమెట్టుది. పాలు పడతాయని బాలింతకు సొరపిట్టు పెట్టే ఆచారం మన యిళ్ళలో వుంది. పెట్టే పెద్దల ప్రేమలో లోపం లేదు. కాని గర్భిణికీ, బాలింతకూ, పసివాళ్ళకూ పెద్ద సొర వద్దు. పులుసులో యెంతసేపు మరిగించినా పాదరసం పోదు, అది కండలోనే వుంటుంది. మామూలు చేపలో కిలోకు 0.5 మిల్లీగ్రాముకు మించకూడదన్నది మన దేశపు ఆహార ప్రమాణం.

ఈసారి చేపలు కొనేటప్పుడు "తాజావేనా?" అనేకాక, "యే రేవు నుంచి వచ్చింది?" అని కూడా అడిగి చూడండి. అమ్మేవాడికి జవాబు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకుని వుంచుతాడు.