గడువుకు ముందే హెచ్.ఐ.వి. పరీక్ష: తీరని భయం

రక్షణ లేని లైంగిక సంపర్కం జరిగిన వారానికే పరీక్ష చేయించుకొని, "లేదు" అన్న కాగితం చూసి ఊరట చెందేవారున్నారు. అది అంతకు పూర్వపు స్థితినే చెబుతుంది. పరీక్షలు ముఖ్యంగా వెదికేది క్రిమిని కాదు, దానిపై శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను. అవి కనబడటానికి వారాలు పడుతుంది.

క్రిమిలోని పి24 అంశాన్ని కూడా పట్టే నాలుగో తరం లాబొరేటరీ పరీక్ష 45 రోజులకు, వేలి రక్తంతో చేసే త్వరిత పరీక్ష 90 రోజులకు "లేదు" అంటే నమ్మవచ్చు. మధ్యలో మళ్లీ అటువంటి సంపర్కం ఉండరాదు సుమా! అయినా కొందరు లాబులు మార్చి మార్చి, డబ్బు పోసి అదే జవాబు కొనుక్కుంటున్నారు. నిద్ర పట్టకపోవడం, నీరసం దిగులు వల్లనూ వస్తాయి. లక్షణాలను బట్టి వ్యాధిని తేల్చడం వైద్యుని తరమూ కాదు.

"ఉంది" అని వచ్చినా ఒక్క పరీక్షతో నిర్ధారించరు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో మూడు వేర్వేరు పరీక్షలు చేస్తారు, ఉచితంగా. వివరాల గోప్యతకు 2017 చట్టం పూచీ.

ఈ కంగారులో చేజారేది వేరొకటి. 72 గంటల లోపల మొదలుపెట్టి 28 రోజులు వాడే నివారణ మందులున్నాయి. ఎంత త్వరగా అయితే అంత మేలు. అవి వాడినవారు పరీక్ష గడువును వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. సిగ్గుతో మూడు రోజులు గడిపి నాలుగోనాడు లాబు మెట్లెక్కితే ఆ మందులకు వేళ మించినట్లే. 1097కు ఫోను చేస్తే పేరు చెప్పకుండానే సలహా దొరుకుతుంది.