నక్క తోకకు వెల ఎంత?

లాటరీ తగిలినా, ఉద్యోగం వచ్చినా మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట 'నక్క తోక తొక్కి వచ్చావా?' అనే. సరదా మాటే. చిక్కల్లా దాన్ని నిజమని నమ్మేవాళ్లతోనే. ఎందుకంటే, తోకను తొక్కడానికి నక్క ఎదురైతే చాలు. అదే తోకను తెచ్చి ఇంట్లో దాచుకోవాలంటే నక్క చావాలి!

తెనాలిలో రేపల్లె రైలెక్కితే కిటికీలోంచి కనిపించేదంతా మాగాణే. బాపట్ల వైపు వెళ్తే ఇసుక నేలలు, వేరుశనగ చేలు, సరుగుడు తోపులు. రేపల్లె దాటి దిగువకు వెళ్తే కృష్ణ లంకలు, నిజాంపట్నం మడ అడవులు. వరి గట్టు, సరుగుడు తోపు, లంక, మడ... అన్నీ నక్కకు నచ్చే చోట్లే. పగలు పొదల్లో పడుకుంటుంది. పొద్దుగుంకాక ఒకటి ఊళ వేస్తుంది, దానికి దూరంగా ఇంకోటి బదులిస్తుంది. ఊరి కుక్కలు అందుకుంటాయి. చేను కాపలాకు వెళ్లినవాళ్లకు ఇది తెలిసిన సంగతే.

ఇక్కడో చిన్న సవరణ. పిల్లల పుస్తకాల్లో ఎర్రటి ఫాక్స్ బొమ్మ వేసి కింద 'నక్క' అని రాస్తుంటారు. మన పొలాల్లో ఊళవేసేది ఫాక్స్ కాదు, జాకాల్. కుక్కకూ తోడేలుకూ దగ్గరి చుట్టం. తూకం పదికిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఆడా మగా జంటగా బతుకుతాయి. కిందటి ఈత పిల్లలు కూడా కొన్నిసార్లు తల్లిదండ్రులతోనే ఉండి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకుతాయి. జిత్తులమారి అని మనం పేరు పెట్టిన జంతువు కాపురం ఇంత పద్ధతిగా ఉంటుంది మరి!

బొచ్చు బాగుంటేనే బేరం

నక్కకు అమెరికాలో ఓ దాయాది ఉంది. పేరు కయోటీ. అక్కడ చాలా రాష్ట్రాల్లో దాన్ని ఏడాది పొడవునా వేటాడొచ్చు. కానీ చర్మం అమ్ముకునేవాళ్లు మాత్రం చలికాలం వచ్చేదాకా ఆగుతారు. వేసవిలో దాని బొచ్చు పలచగా, పీలికలుగా ఉంటుంది. చలి ముదిరేకొద్దీ పైన పొడవాటి వెంట్రుకలు, వాటి కింద దూదిలాంటి మెత్తటి బొచ్చు ఒత్తుగా పెరుగుతాయి. కొనేవాళ్లు ముందు చర్మాన్ని తిరగేసి చూస్తారట. లోపలి వైపు తెల్లగా ఉంటే బొచ్చు పూర్తిగా పండినట్టు. నల్లగా, నీలంగా ఉంటే వెంట్రుకలు ఇంకా పెరుగుతున్నట్టే. చలికాలం చివరికొస్తే ఒరుసుకుని అరిగిపోతుంది, ధర పడిపోతుంది. గజ్జి పట్టిన చర్మాన్నయితే ఎవరూ ముట్టుకోరు.

ఖరీదైన చలికోట్ల టోపీ అంచులకు కయోటీ బొచ్చు కుట్టడం ఫ్యాషనైనప్పుడు, మేలురకం చర్మం వంద డాలర్ల దాకా పలికింది. ఆ ఫ్యాషన్‌కు పేరుపడ్డ కెనడా గూస్ సంస్థ 2022 చివరికల్లా బొచ్చు వాడకం మానేస్తామని 2021లో ప్రకటించింది. అంతకుముందే, 2019లో ఉత్తర అమెరికాలోని పెద్ద బొచ్చు వేలం సంస్థ ఒకటి అప్పుల్లో కూరుకుపోయింది. ఫ్యాషన్ మీద నిలబడ్డ ధర ఫ్యాషన్‌తోనే పోయింది.

మరి మన నక్క సంగతి? బాపట్ల తీరంలో మంచు కురవదు కదా! వణికించే చలి లేనప్పుడు దానికి ఒత్తైన లోబొచ్చుతో పనేముంది? మన నక్క బొచ్చు బిరుసుగా, పలచగా ఉంటుంది. కోటుకు పనికిరాదు, కంబళికీ పనికిరాదు. బొచ్చు ఊడి, తోలు బయటపడిన నక్క ఎప్పుడైనా కంటపడితే వింత జంతువనుకుని బెదిరిపోవద్దు. చాలాసార్లు అది గజ్జి. ఊరకుక్కలకు పట్టేదీ అదే. అలాంటి దాన్ని తరమకండి, దగ్గరికీ వెళ్లకండి. నక్కలకు పిచ్చి కూడా సోకుతుంది. కరిచినా, గీరినా ఆ చోటును వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

లేని కొమ్ముకు లేనిపోని ధర

తోలుకు విలువ లేకపోతే మరెందుకు చంపుతున్నారు? కొమ్ము కోసం! నక్కకు కొమ్మేమిటి అనకండి. 'నక్క కొమ్ము' ఇంట్లో ఉంటే ధనం నిలుస్తుందనీ, కోర్టు కేసు గెలుస్తామనీ నమ్మకం. శ్రీలంకలోనూ ఇదే నమ్మకం ఉందని జేమ్స్ ఎమర్సన్ టెనెంట్ 1861లోనే రాశాడు. మద్రాసు రాష్ట్రపు కులాలూ తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేసిన ఎడ్గార్ థర్‌స్టన్ కూడా నక్క కొమ్ముల అమ్మకం గురించి చెప్పాడు. ఎక్కడో ఒకదానికి పుర్రె మీద చిన్న ఎముక బుడిపె రావచ్చు. అంతకుమించి నక్కకు కొమ్మన్నదే లేదు. అమ్మకానికి వచ్చేది సాధారణంగా బొచ్చుతో ఉన్న తోలు ముక్కలో చుట్టిన ఎముకో, గోరో. ఏదైతేనేం, కొనేవాడికి అదృష్టం రాదు. నక్కకు మాత్రం ఆయువు తీరుతుంది.

ఈ పాపం ఒక్క కులం నెత్తిన వేయడం కూడా తగదు. నక్కలవాళ్లను మనం ఆ పేరుతోనే పిలుస్తాం. ఒకప్పుడు వేటే వాళ్ల బతుకు. ఇప్పుడు సంతల్లో, తిరునాళ్లలో పూసలు, పిన్నీసులు అమ్ముకునేవాళ్లే ఎక్కువ. 2003లో వాళ్లను మన రాష్ట్ర ఎస్టీ జాబితాలో చేర్చారు. అడిగేవాడుంటేనే కదా అమ్మేవాడుండేది! చదువుకున్నవాళ్లు గుట్టుగా కొని బీరువాలో దాచుకున్నంత కాలం ఈ వ్యాపారం ఆగదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నక్క ఒకప్పుడు రెండో షెడ్యూల్లో ఉండేది. 2022లో చేసిన సవరణతో పులి, ఏనుగులతోపాటు మొదటి షెడ్యూల్లోకి ఎక్కింది. 2023 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా. తోకో, కొమ్మో కొన్నవాడూ నేరస్థుడే.

బతికుంటేనే లాభం

డెల్టా రైతు అసలు శత్రువు ఎలుక. వరి పొట్టమీద ఉన్నప్పుడు పిలకలు కొరికేస్తుంది, గింజ ముదిరాక కంకులు కలుగులోకి మోస్తుంది. దాని మీదికి మనం బుట్టలు పెట్టే యానాదుల్ని పిలుస్తాం, బ్రోమోడయోలిన్ కలిపిన నూకలు పెడతాం. కూలి అడగకుండా రోజూ రాత్రి ఆ పని చేసేది నక్క. సెర్బియాలో లెక్కలు కట్టారు. అక్కడి నక్కలు ఏడాదికి కోటీ 32 లక్షల ఎలుకజాతి చీడ జంతువుల్ని, 3,700 టన్నుల పశు కళేబరాలను తింటాయని 2016లో తేల్చారు. మన దగ్గరా దాని తిండిలో ఎలుకలదే పెద్ద వాటా.

అలాగని నక్క మరీ అంత బుద్ధిమంతురాలేం కాదు. వేరుశనగ తవ్వుతుంది, మొక్కజొన్న పొత్తులు కొరుకుతుంది, తలుపు వేయని గూట్లోంచి కోడిని ఎత్తుకెళుతుంది. గూటికి తలుపు బిగించండి, చచ్చిన కోళ్లను దిబ్బ మీద పారేయకుండా పూడ్చిపెట్టండి. మందు తిని చచ్చిన ఎలుకల్నీ పూడ్చాలి. లేకపోతే వాటిని తిన్న నక్కా గుడ్లగూబా కూడా చస్తాయి. పందుల కోసం పెట్టే కరెంటు తీగ నక్కనూ చంపుతుంది, మనిషినీ చంపుతుంది. దాని జోలికి అసలే పోవద్దు.

'నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ చూడలేదన్నదట' అని మన సామెత. 1977 ఉప్పెన చూసిన సీమ ఇది. అంతటి గాలివానలు తట్టుకుని మన పొలాల్లో మిగిలిన జంతువును ఓ తోలుముక్క కోసం పోగొట్టుకోవద్దు. ఈసారి ఎవరైనా నక్క కొమ్ము ఉందని చెవిలో చెబితే ఒకటే అడగండి... 'అంత అదృష్టమే ఉంటే నువ్వెందుకు అమ్ముతున్నావయ్యా?' అని. ఆ తర్వాత అటవీశాఖకు ఓ ఫోన్ చేయండి.