మీరు కొలవని అంకె కింద మీ పేరు వద్దు

తిరుపతిలో, చిత్తూరులో పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన ఊళ్లో జరిగిన సంగతి ఒకటి మీకు తెలిసి తీరాలి.

2008 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక 'కెమికల్ అండ్ ఇంజనీరింగ్ న్యూస్' మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గురించి రాసింది. ఇక్కడి కెమిస్ట్రీ ఆచార్యుడొకరు 2004 నుంచి 2007 దాకా విదేశీ జర్నళ్లలో వేసిన పేపర్లలో 70కి పైగా కాపీలో, కల్పితాలో అని తేలింది. ఆ గుట్టు బయటపెట్టింది టెక్సస్ విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చెప్పే పూర్ణేందు దాస్‌గుప్తా. ఆ పేపర్ల మీద సహరచయితల పేర్లూ ఉన్నాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

కెమిస్ట్రీలో అనలిటికల్ శాఖ అంటే ఏమిటి? ఏ పదార్థంలో ఏది ఎంత ఉందో, నీళ్లలోనైతే ఏ లోహం ఎంత ఉందో కొలిచి చెప్పే విద్య. మన పల్లెల్లో బోరునీళ్లు తాగే తల్లి ల్యాబుకు రాలేదు, మీరు రాసిన అంకెనే నమ్ముతుంది. కొలవకుండా రాసిన అంకె ఆమె బిడ్డ గొంతులోకి దిగుతుంది. ఇంతకంటే పెద్ద ద్రోహం నాకు తోచదు.

ఈ రోగం ఒక్క ఊరిది కాదు. సమీక్ష జరుగుతుందని నమ్మించి రచయితల దగ్గర డబ్బు గుంజినందుకు హైదరాబాద్‌లో జర్నళ్లు వేసే ఓమిక్స్ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని 2019లో అమెరికా కోర్టు ఆదేశించింది. 2023 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద 10,000కు పైగా పేపర్లను జర్నళ్లు వెనక్కి తీసుకున్నాయి.

థీసిస్ ఇవ్వాలంటే పేపర్ అచ్చయి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో ఎత్తేసింది. అయినా ఉద్యోగం దగ్గర పేపర్ల లెక్క అడుగుతూనే ఉన్నారు. మీ మీది ఒత్తిడి నిజం. గైడ్‌కు ఎదురు చెప్పడమూ తేలిక కాదు. అందుకే ఒంటరిగా నిలబడకండి. ఒకే డిపార్ట్‌మెంట్‌లో నలుగురు కలవండి. వారానికోసారి ఒకరి రీడింగులు ఒకరు చూసుకోండి. చెడిపోయిన ప్రయోగాన్నీ తేదీ వేసి నోట్‌బుక్‌లో ఉంచండి. డబ్బిస్తే రచయితగా పేరు చేరుస్తామనే ఏజెంటుకు ముఖం మీదే వద్దని చెప్పండి. రేపు మీ పేరుతో ఒక పేపర్ పంపుతామంటే, "టేబుల్‌లోని ఈ అంకెకు అసలు రీడింగ్ చూపించండి సార్" అని అడగండి. చూపించేదాకా సంతకం పెట్టకండి.